క్లాస్‌మేట్ కష్టం మా అమ్మాయి నెత్తిన పడింది, ఏం చెయ్యమంటారు?

నాగావళి_ఒడ్డు
మా అమ్మాయి తొమ్మిదో తరగతి, శ్రీకాకుళం దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూలు. ఈ ఏడాది వాళ్ల క్లాసులో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు నుంచి ఒక పిల్ల చేరింది. వాళ్ల నాన్న కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్నారు. వాళ్లమ్మ ఆయన్ని ఆసుపత్రికి తిప్పడంతోనే సరిపోతోందని పిల్లని ఇక్కడ అమ్మమ్మ దగ్గర పెట్టారు. పిల్ల ఎవరితోనూ కలవదు, హోంవర్కు చెయ్యదు, ఒక్కో వారం బడికే రాదు. క్లాసులో కొందరు "కిడ్నీ" అని పేరు పెట్టి పిలుస్తున్నారట. పక్కన కూర్చుంటే అంటుకుంటుందని బెంచీ మారిపోయిన వాళ్లూ ఉన్నారట.

క్లాస్ టీచర్ మా దాన్ని పిలిచి "నువ్వు దాని పక్కన కూర్చో, కాస్త చూసుకో" అన్నారు. మంచిదే కదా అనుకున్నాం. ఇద్దరూ కలిసి అన్నం తింటున్నారు, నోట్సులు ఇస్తోంది. అంతవరకు బాగానే ఉంది. కొద్దిరోజులుగా మాది సరిగ్గా నిద్రపోవడం లేదు, తిండి తగ్గింది. ఈరోజు గట్టిగా అడిగితే ఏడ్చేసింది. ఆ పిల్ల "నేను లేకపోతే ఇంట్లో ఖర్చు తగ్గుతుంది, అమ్మ సుఖపడుతుంది" అందట. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుందట. నాకు చెప్పినందుకు కూడా "ఒట్టు తప్పాను" అని ఒకటే ఏడుపు.

టీచర్‌కి చెబితే ఆ పిల్ల మాదాన్ని ఇంక నమ్మదు. చెప్పకపోతే నాకు భయం. మా ఆయనైతే "రేపట్నుంచి బెంచీ మార్పించెయ్, మనకెందుకీ తలనొప్పి" అంటున్నారు. ఏం చెయ్యాలో తోచడం లేదు.

రాజాం_రాజా
మీ ఆయన చెప్పిందే కరెక్టు. ఆడపిల్ల, వచ్చే ఏడాది పదో తరగతి. వేరేవాళ్ల ఇంటి గొడవ నెత్తిన పెట్టుకుని మార్కులు పోగొట్టుకుంటే ఎవరిస్తారు? బెంచీ మార్పించండి, అయిపోయింది.

పాలకొండ_సిస్టర్
నర్సుని. ఇది బెంచీతో పోయే విషయం కాదు. "నేను లేకపోతే" అనే మాట పిల్ల నోట వచ్చిందంటే తేలిగ్గా తీసుకోకూడదు. రేపటిదాకా ఆగకండి. క్లాస్ టీచర్ నంబరు ఉంటే ఇప్పుడే చేసి, ఆవిడ చేత ఆ అమ్మమ్మగారికో తల్లికో చెప్పించండి. ఈ రాత్రి పిల్లని ఒంటరిగా వదలొద్దని విడమరిచి చెప్పమనండి. టీచర్ ఎత్తకపోతే మీరే ఆ ఇంటికి వెళ్లండి.

ఎలా మాట్లాడాలో తెలియకపోతే 14416 కి చెయ్యండి. టెలి మానస్ అంటారు, మనసు బాగోలేనప్పుడు సాయానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను, 2022 అక్టోబరులో మొదలైంది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ పిల్లే చెయ్యాలని లేదు, మీరు చేసి "ఇలా ఉంది, ఏం చెయ్యాలి" అని అడగొచ్చు.

ఇంకోటి. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. ఎవరో ఒకరు అడిగారు కదా అని ఊపిరి పీల్చుకుంటారు. అయితే ఆ ప్రశ్న అడగాల్సింది పెద్దవాళ్లు, మీ అమ్మాయి కాదు.

సిక్కోలు_సూరీడు
ఒట్టుదేముంది, తీసి గట్టు మీద పెట్టమనండి. మన పెద్దవాళ్లు ఇలాంటి వాటికోసమే ఆ మాట అన్నారు.

నాగావళి_ఒడ్డు
టీచర్‌కి ఫోన్ చేశాను, ఎత్తారు. ఆవిడ అమ్మమ్మగారితో మాట్లాడి మళ్లీ చేస్తానన్నారు. చెయ్యి వణుకుతోంది, తర్వాత రాస్తాను.

మోడరేటర్
స్కూలు పేరు, ఊరి పేరు, ఆ పిల్ల గురించి ఇంకే ఆనవాళ్లూ ఇక్కడ రాయకండి. "ఏ స్కూలండీ" అని అడిగిన ఇద్దరి పోస్టులు తీసేశాను. అడగొద్దు.

టెక్కలి_మాస్టారు
ముందు సిస్టర్ గారు చెప్పింది చేశారు, సంతోషం. ఇక మిగతాది.

నేనూ హైస్కూల్లోనే పనిచేస్తున్నా. ఆ టీచరమ్మ చేసింది సగం పని. పక్కన కూర్చోమనడం బాగుంది. "చూసుకో" అని ఒదిలేసి, మధ్యలో ఒకసారైనా మీ అమ్మాయిని పిలిచి "నీకెలా ఉందమ్మా" అని అడగకపోవడమే బాగోలేదు. పిల్లలకి ఇచ్చే పనికి హద్దు ఉండాలి. పక్కన కూర్చోవడం, కలిసి తినడం, రాని రోజు పాఠం చెప్పడం, ఎవరైనా ఏడిపిస్తుంటే "రావే, పోదాం" అని అక్కణ్ణుంచి తీసుకుపోవడం. ఇవి పిల్లలు మాకంటే బాగా చేస్తారు. మేం స్టాఫ్ రూమ్‌లో ఉన్నప్పుడు క్లాసులో ఏం జరుగుతుందో వాళ్లకే తెలుసు. కానీ రహస్యాలు మొయ్యడం వాళ్ల పని కాదు. ప్రాణానికి గానీ ఒంటికి గానీ ప్రమాదం అనిపించే మాట వింటే వెంటనే ఒక పెద్దవాళ్లకి చెప్పాలి, అది చాడీ కాదు అని పిల్లలకి ముందే చెప్పి ఉంచాలి. తర్వాత చెబితే ఇలాగే ఒట్ల దగ్గర ఇరుక్కుంటారు.

చట్టం కూడా ఇదే లెక్కన ఉంది. మీది ఆ కేసు కాదనుకోండి, కానీ చూడండి: పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకి చెప్పకపోతే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం శిక్ష ఉంది. అదే సంగతి తెలిసిన వాళ్లు పిల్లలైతే ఆ శిక్ష వర్తించదు. బరువు పెద్దవాళ్ల మీదే పెట్టారు.

గజపతినగరం_బుల్లోడు
ఏటండీ ఇదంతా. మా రోజుల్లో నన్ను "పొట్టి గుండు" అని పదో తరగతి దాకా పిలిచారు. నేనేమైనా కౌన్సెలింగ్‌కి వెళ్లానా? ఇప్పటి పిల్లలు మరీ సుకుమారం.

సిక్కోలు_సూరీడు
@గజపతినగరం_బుల్లోడు ఇన్నేళ్లయినా ఆ పేరు గుర్తుపెట్టుకుని ఇక్కడ రాశారంటే ఎంతో కొంత తగిలిందనే కదా బావు.

గజపతినగరం_బుల్లోడు
😄 సరే. ఆ మాటకొస్తే పెట్టినోడి పేరూ గుర్తుంది.

బొబ్బిలి_వీణ
పిల్లలకి సరిగ్గా నేర్పితే ఎంత చేస్తారో మా ఇంట్లోనే చూశాను. మా అబ్బాయికి ఫిట్స్. ఆరో తరగతిలో మొదటిసారి క్లాసులో పడిపోయినప్పుడు ఒకడు చేతిలో తాళాల గుత్తి పెట్టాడు, ఇంకొకడు నోట్లో స్కేలు దూర్చబోయాడు, ఆడపిల్లలు కేకలు పెట్టి బయటికి పరిగెత్తారు. ఆ తర్వాత నెలంతా వాడి బెంచీలో ఎవరూ కూర్చోలేదు.

నేను వాళ్ల సైన్స్ మేడమ్‌ని బతిమాలి ఒక పీరియడ్ ఇప్పించుకున్నాను. వాడు పడిపోతే ఏం చెయ్యాలో వాడి ముందే చెప్పాం. చుట్టూ బెంచీలు జరపాలి. తల కింద బ్యాగు గానీ మడిచిన చొక్కా గానీ పెట్టాలి. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతులు కాళ్లు గట్టిగా పట్టుకోకూడదు, తాళాలు ఉల్లిపాయలు వద్దు. గడియారం చూడాలి, అయిదు నిమిషాలు దాటితే 108. ఒకణ్ణి నేల మీద పడుకోబెట్టి అందరి చేతా చేయించాం. పడిపోయినవాడిలా నటించడానికి నేనంటే నేనని కొట్టుకున్నారు.

తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి మేడమ్ వచ్చేసరికి వాడు పక్కకి తిరిగి ఉన్నాడు, ఒక గుంటడు వాచీ చూస్తూ "రెండు నిమిషాలైంది మేడమ్" అన్నాడట. యూనిఫామ్ తడిసిపోయిందని ఆడపిల్లల్ని వరండాలోకి పంపేసి, ఒకడు తన ఆటల టీషర్టు ఇచ్చాడట. ఆ టీషర్టు సంగతి ఎవరూ నేర్పలేదు.

రాజాం_రాజా
@బొబ్బిలి_వీణ మీది వేరమ్మా. అది ఫస్ట్ ఎయిడ్. ఇక్కడ మనసుకి సంబంధించిన విషయం, పిల్లల చేతిలో పెట్టడం తప్పు అంటున్నాను.

బొబ్బిలి_వీణ
చేతిలో పెట్టమని నేనూ అనడం లేదు. కానీ మీరు చెప్పినట్టు బెంచీ మార్పిస్తే, అంటుకుంటుందని మారిపోయిన వాళ్లకీ మనకీ తేడా ఏముంది? ఆ పిల్ల కంటికి రెండూ ఒకలాగే కనపడతాయి కదా.

ఇంటర్_సెకండియర్
నేను అటువైపు ఉన్నదాన్ని, కాబట్టి చెబుతున్నా. ఎనిమిదిలో మా నాన్న పోయారు. మా స్కూల్లో ఒక గ్రూపు పెట్టి బ్యాడ్జీలు ఇచ్చారు, నాకు ఒక అమ్మాయిని కేటాయించారు. అసెంబ్లీలో పేర్లు చదివారు!! ఎవరికి ఎవరు తోడో అందరికీ తెలిసిపోయింది. ఆ అమ్మాయి రోజూ వచ్చి "బాగున్నావా" అని అడిగి డైరీలో రాసుకునేది, టీచర్‌కి చూపించాలని. నాకు తల తీసేసినట్టు ఉండేది.

నిజంగా పనికొచ్చింది ఎవరంటే మా వెనక బెంచీ పిల్ల. ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఫిజిక్స్ రికార్డు గీసేటప్పుడు నా దాంట్లో బొమ్మలు తను గీసేది, తన దాంట్లో రాత నేను రాసేదాన్ని. అంతే. బ్యాడ్జీలు మాత్రం వద్దు, ప్లీజ్.

టెక్కలి_మాస్టారు
@ఇంటర్_సెకండియర్ అసెంబ్లీలో చదవడం ఘోరం. రేపు మా స్కూల్లో కూడా చెబుతాను ఈ మాట.

పలాస_జీడిపప్పు
బ్యాడ్జీ అంటే గుర్తొచ్చింది. మా వాడు క్లాస్ లీడర్ అయ్యాడు. "ఏం చేస్తావురా" అంటే "మాట్లాడిన వాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తాను" అన్నాడు. "మాట్లాడని వాళ్ల పేర్లు?" అని అడిగితే నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు.

ఇజీనారం_ఇప్పుడు_పుణె
మీరు జోక్‌గా అన్నా అసలు విషయం అక్కడే ఉంది. ఎంఈడీలో ఈ టాపిక్ మీదే పని చేశాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, తిట్టుకోకండి.

ఫిన్లాండ్‌లో తుర్కు యూనివర్సిటీకి చెందిన క్రిస్టీనా సాల్మివల్లి అనే ఆవిడ, సహచరులతో కలిసి 1996లో ఒక పేపర్ రాశారు. ఏడిపించడం అనేది ఇద్దరి మధ్య జరిగేది కాదు, క్లాసంతా అందులో ఉంటుంది అని. ఏడిపించేవాడికి సాయం చేసేవాళ్లు కొందరు, నవ్వి ఎగదోసేవాళ్లు కొందరు, మనకెందుకని తప్పుకునేవాళ్లు కొందరు, అడ్డం వెళ్లేవాళ్లు కొందరు. దాని మీదే తర్వాత కీవా అనే కార్యక్రమం తయారుచేసి 2009 నుంచి ఆ దేశం స్కూళ్లలో పెట్టారు. అందులో గురి ప్రధానంగా చూసేవాళ్ల మీద. ఆ నవ్వు ఆగిపోతే ఏడిపించేవాడికి సరదా ఉండదు.

ఇప్పుడు రెండో వైపు. 2011లో టోఫీ, ఫారింగ్టన్ అని ఇద్దరు పరిశోధకులు ఇలాంటి కార్యక్రమాల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. మొత్తం మీద ఏడిపించడం అయిదో వంతు దాకా తగ్గింది. ఆటస్థలంలో పెద్దవాళ్ల నిఘా, తల్లిదండ్రులతో మీటింగులు పెట్టిన చోట ఫలితం బాగుంది. కానీ పిల్లలకే బాధ్యత అప్పగించే పద్ధతులు, అంటే తోటి పిల్లలు మధ్యవర్తులు, తోటి పిల్లలు సలహాదారులు, ఇలాంటివి ఉన్న చోట బాధపడే పిల్లలు ఎక్కువ కనిపించారు. అందుకని రాజాం గారి భయాన్ని కొట్టిపారెయ్యలేం. ఆయన చెప్పిన మందే తేడా.

రాజాం_రాజా
ఎవరో ఒకరు నా మాట సగమైనా ఒప్పుకున్నారు, ఈరోజుకి చాలు.

సీతంపేట_కొండగాలి
ఫిన్లాండ్ దాకా వెళ్లారు, మన కొండ మీదికి కూడా రండి. సవర గిరిజన పిల్లలు ఏజెన్సీ స్కూళ్లలో అయిదో తరగతి దాకా బాగానే ఉంటారు. కింద హైస్కూల్లోకి దిగాక మొదలవుతుంది. వాళ్ల తెలుగులో యాస దొర్లితే క్లాసంతా నవ్వు. ఆగస్టు 29న అదే స్కూల్లో గిడుగు రామమూర్తి గారి ఫొటోకి దండ వేస్తారు, తెలుగు భాషా దినోత్సవం అని. ఆయన పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవరలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు. శ్రీముఖలింగం దగ్గర పుట్టిన మనిషి. దండ వేసిన చేత్తోనే సవర పిల్లాణ్ణి వెక్కిరిస్తారు.

మా దగ్గర ఒక మాస్టారు ఏం చేశారంటే, రోజూ బోర్డు మీద ఒక మూలన ఒక సవర మాట రాయించేవారు. రాసేది సవర పిల్లలే, పలకలేక తంటాలు పడేది మిగతావాళ్లు. పలికేటప్పుడు ఎవరు ఎవర్ని చూసి నవ్వాలో తిరగబడింది. ఉపన్యాసం ఏమీ లేదు.

వంశధార_వాన
@సీతంపేట_కొండగాలి ఇది ఎత్తుకెళ్తున్నాను. ఇచ్ఛాపురం వైపు ఒడియా పిల్లలు ఉన్న క్లాసు మాది.

పలాస_జీడిపప్పు
మా స్కూల్లో ఫిర్యాదుల పెట్టె పెట్టారు. ఎవరు ఏడిపించినా చీటీ రాసి వెయ్యమన్నారు. కమిటీ మీటింగులో తెరిస్తే ఒకే విషయం మీద బోలెడు చీటీలు: చిక్కీ గట్టిగా ఉంది, పళ్లు ఊడుతున్నాయి.

టెక్కలి_మాస్టారు
నవ్వకండి. చిక్కీ చీటీకి జవాబు వస్తేనే తర్వాత అసలు చీటీ పడుతుంది. మా దగ్గర మొదటిసారి "బాత్రూమ్ గడియ లేదు" అని పడింది. హెచ్చెమ్ గారు ఆ వారంలోనే వడ్రంగిని పిలిపించి గడియ వేయించారు. ఆ తర్వాతే ఆడపిల్లల నుంచి చీటీలు మొదలయ్యాయి, బస్టాండు దగ్గర పదో తరగతి పూర్తయిన కుర్రాళ్లు ఆపుతున్నారని. పెట్టె తాళం ఒక మేడమ్ దగ్గరే ఉంటుంది.

ఇంకో సంగతి కొత్తవాళ్లకి. 2020 నుంచి ఆయుష్మాన్ భారత్ కింద స్కూలు ఆరోగ్య కార్యక్రమం ఉంది. బడికి ఇద్దరు టీచర్లు, ఒకరు మగ, ఒకరు ఆడ, దానికి శిక్షణ తీసుకోవాలి. మానసిక ఆరోగ్యం కూడా అందులో ఒక పాఠం. మీ స్కూల్లో ఆ ఇద్దరు ఎవరో హెచ్చెమ్‌ని అడగండి. పేర్లు చెప్పలేకపోతే ఆ పని కాగితం మీదే ఉందన్నమాట.

గజపతినగరం_బుల్లోడు
టీచర్లే కొడుతుంటే ఎవరికి చెప్పుకోవాలి? అదీ చెప్పండి.

టెక్కలి_మాస్టారు
విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17. కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధం. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కి పిల్లలే నేరుగా చెయ్యొచ్చు. నా వృత్తివాళ్ల మీదే చెబుతున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనీ.

నాగావళి_ఒడ్డు
మళ్లీ వచ్చాను. అందరికీ ఒకేసారి రాస్తున్నా.

ఆ రాత్రే టీచరమ్మ అమ్మమ్మగారితో మాట్లాడారు. మర్నాడు వాళ్లమ్మ పలాస నుంచి వచ్చింది. జిల్లా కేంద్రంలో ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లారు, మళ్లీ మళ్లీ రమ్మన్నారట. టీచరమ్మ కూడా వెంట వెళ్లారు. ఆ తల్లికి తెలియనిది ఏంటంటే, పిల్ల ఇంట్లో లెక్కలన్నీ వింటోందని. ఆటో ఎంత, మందులెంత, ఎవరి దగ్గర ఎంత అప్పు. డయాలసిస్ వాళ్లకి వచ్చే పదివేల పింఛను ఎటెటు పోతుందో పిల్ల నోట్‌బుక్ వెనక రాసుకుందట, తన యూనిఫామ్, తన బస్సు ఛార్జీ కూడా అందులో ఖర్చు కింద.

మా అమ్మాయితో రెండు రోజులు మాట్లాడలేదు ఆ పిల్ల. మాది చాలా బాధపడింది. టీచరమ్మ ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టి "ఒట్టు తప్పింది అది కాదు, నేను చెప్పించాను" అని తన మీద వేసుకున్నారు. ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు గానీ మునుపటిలా లేదు. బెంచీ మార్చలేదు. మా ఆయన ఇంకా గొణుగుతూనే ఉన్నారు, అయినా పొద్దున్న ఇద్దరికీ కలిపి చెగోడీలు కట్టింది ఆయనే.

పాలకొండ_సిస్టర్
మాట్లాడకపోవడం మామూలే, కొన్నాళ్లు పడుతుంది. మీ అమ్మాయి నిద్ర చూసుకోండి. అలాగే ఉంటే తననీ ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, విన్నవాళ్లకీ దెబ్బ తగులుతుంది.

ఉద్దానం_కొబ్బరి
"కిడ్నీ" అని పిలిచినవాళ్ల సంగతి ఏమైంది? మాది కవిటి మండలం, మా ఇంట్లోనూ ఇద్దరు. ఆ మాట చదివినప్పట్నుంచి ఒళ్లు మండిపోతోంది.

నాగావళి_ఒడ్డు
@ఉద్దానం_కొబ్బరి వాళ్ల సైన్స్ మాస్టారు ఆ పిల్ల రాని రోజు చూసి ఒక పీరియడ్ తీసుకున్నారు. డయాలసిస్ మిషను బొమ్మ గీసి, రక్తం ఎటు వెళ్లి ఎలా శుభ్రమై తిరిగొస్తుందో చెప్పారట. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలంటే, ఒకడు "బాత్రూమ్ వస్తే?" అని అడిగాడట. చాలామందికి అసలు ఆ అవసరమే తగ్గిపోతుంది, రోజుకి తాగే నీళ్లు కూడా కొలుచుకుని తాగాలి అనేసరికి క్లాసు నిశ్శబ్దమైపోయిందట. అంటువ్యాధి కాదని, ఉద్దానంలో ఎందుకు వస్తోందో శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదని, పలాసలో 2023 డిసెంబరులో పెద్ద ఆసుపత్రి పెట్టింది అందుకేనని చెప్పారు. ఆ పిల్ల పేరు ఎత్తలేదు. పేరు పెట్టిన వాళ్లలో ఒకడి పెద్దనాన్నకే ఆ జబ్బు ఉందట, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఉద్దానం_కొబ్బరి
అనుకున్నా. మా వైపు కూడా అంతే, ఉన్నవాళ్లే ముందు నవ్వుతారు. ఆ మాస్టారికి నా నమస్కారం చెప్పండి. మా మండలం స్కూళ్లకి కూడా అలాంటి పీరియడ్ పెట్టిస్తే బాగుండు.

ఇజీనారం_ఇప్పుడు_పుణె
ఆయన గీసిన బొమ్మ ఫొటో దొరుకుతుందా? పిల్లల పేర్లు, స్కూలు పేరు లేకుండా పాఠం ఒక్కటి రాసి ఇక్కడ పెడితే అందరూ వాడుకోవచ్చు.

నాగావళి_ఒడ్డు
అడుగుతాను. ఆయనకి వాట్సాప్ లేదు, శనివారం స్కూలుకి వెళ్లినప్పుడు చూస్తాను.

మోడరేటర్
వస్తే విడిగా కొత్త చర్చ తెరవండి, పైన పిన్ చేస్తాను. 14416, 1098 నంబర్లు ఈ చర్చ మొదట్లో కనపడేలా పెట్టాను.